గర్భసంచి జారిందా? తీయించుకునే ముందు ఇది చదవండి

మా పెద్దమ్మ పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు. పొలం నుంచి రాగానే వెనక గదిలో కాసేపు పడుకునేది, ఏమైందని అడిగితే నడుం నొప్పి అనేది. ఒక రాత్రంతా మూత్రం రాక అల్లాడిపోయాక గానీ అసలు సంగతి బయటపడలేదు. అప్పటికి గర్భసంచి సగం బయటే ఉంది, బట్ట రాసుకుని పుండు కూడా పడింది. తనకి ఆపరేషన్ తప్పలేదు, నిజమే, కానీ మొదట్లోనే చూపించుకుని ఉంటే చాలా తేలికైన దారులు ఉండేవి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గర్భసంచిని పైనుంచి ఉట్టి తాళ్లలా లిగమెంట్లు పట్టుకుని ఉంటాయి, కింద నులక మంచంలా కండరాలు మోస్తుంటాయి. కాన్పుల్లో, ముఖ్యంగా గంటల తరబడి నొప్పులు పడ్డా, బిడ్డ పెద్దదైనా, ఫోర్సెప్స్ వేసి లాగినా ఇవి సాగిపోతాయి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఇంకా పలచబడతాయి. దానికి తోడు రోజూ పొట్టలోంచి కిందికి ఒత్తిడి పడుతూనే ఉంటుంది: మలబద్ధకంతో ముక్కడం, పచ్చి బాలింతగానే బిందెలు మోయడం, అధిక బరువు, తగ్గని దగ్గు. (కట్టెల పొయ్యి పొగ, మన ఉత్తరాంధ్ర అమ్మమ్మల అడ్డపొగ చుట్ట, ఈ దగ్గు ఖాతాలోనివే.) నులక వదులైతే మంచం కుంగినట్టు గర్భసంచి జారుతుంది, ఒక్కోసారి దాంతో పాటు మూత్రాశయం, పురీషనాళం గోడలు కూడా దిగుతాయి.

ఎలా తెలుస్తుంది? కింద ఏదో బరువుగా దిగుతున్నట్టు, గొంతుకూర్చుంటే చేతికి ఉబ్బు తగిలినట్టు, పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి ఎక్కువై పడుకోగానే తగ్గినట్టు ఉంటుంది. దగ్గితే మూత్రం పడొచ్చు, లేదా పోసినా ఇంకా మిగిలినట్టు అనిపించొచ్చు. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు, మొదటిదానిలో లోపలే కొంచెం దిగి ఉంటుంది, నాలుగోదానిలో పూర్తిగా బయటికి వస్తుంది. స్కానింగ్ కాగితం చూసి దశ చెప్పేస్తే నమ్మకండి, గైనకాలజిస్ట్ దగ్గమని, ముక్కమని చెప్పి చేత్తో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కొంచెమే జారి ఇబ్బందేమీ లేకపోతే అసలు ఏ వైద్యమూ అక్కర్లేదు.

మొదటి రెండు దశల్లో ఉన్నవాళ్లు ముందు పట్టాల్సింది వ్యాయామం, దాన్నే కీగెల్ అంటారు. గాలి పోకుండా, మూత్రం పడకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్నే లోపలికి, పైకి బిగించి ఐదు సెకన్లు పట్టి వదలాలి, అలవాటయ్యే కొద్దీ పది సెకన్ల దాకా పెంచుకోవాలి. ఒక్కో విడతకి పది సార్లు, రోజుకి మూడు విడతలు. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు, పొట్ట బిగించకూడదు, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి చేయడం అలవాటు చేసుకోకూడదు. వారం చేసి లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. బ్రిటన్ డాక్టర్లు పాటించే మార్గదర్శకాల్లో కనీసం 16 వారాలు, అదీ నేర్పేవాళ్ల పర్యవేక్షణలో అని ఉంది, కాబట్టి దొరికితే ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి సరిగ్గా నేర్చుకోండి. దగ్గేముందు, బరువెత్తేముందు ఆ కండరాన్ని బిగించడం కూడా అలవాటు చేసుకోండి. ఇంకా ముక్కకుండా విరేచనం అయ్యేలా నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె, అప్పటికీ కాకపోతే ఇసబ్గోల్. గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా ఇంట్లో మగవాళ్లు ఎత్తుతారు లెండి.

తర్వాతది రింగ్, అంటే పెసరీ. పిల్లలు పుట్టకుండా వేసే లూప్ వేరు, ఇది వేరు. మెత్తని సిలికాన్ రింగ్‌ని యోనిలో అమరిస్తే గర్భసంచిని కిందికి రాకుండా ఆపుతుంది. ఆపరేషన్‌కి ఒళ్లు తట్టుకోనివాళ్లకి, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకి, అసలు కోత వద్దనుకునేవాళ్లకి మంచి మార్గం. సైజు సరిపడే దాకా రెండు మూడు మార్చి చూడాల్సి రావచ్చు. పెట్టించుకుని మర్చిపోతే మాత్రం లోపల ఒరిసి పుండవుతుంది, డాక్టర్ చెప్పిన గడువుకి తీసి, కడిగి, చూపించుకోవాలి.

ఇక ఆపరేషన్. ఇక్కడ కొంచెం కోపంగానే రాస్తున్నా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. బాగా జారినప్పుడు తీయడం సరైన వైద్యమే కావచ్చు, కానీ పాడైంది ఉట్టి అయితే కుండ పగలగొట్టి ఊరుకుంటే ఎలా? ఆసరా బిగించకుండా సంచి మాత్రం తీసేస్తే తర్వాత యోని పైభాగమే జారొచ్చు. అందుకని "తీశాక పైభాగాన్ని దేనికి కడతారు?" అని అడగండి. సంచి ఉంచి పైకి కట్టే పద్ధతులు కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని బొంబాయి డాక్టర్లు శిరోద్కర్, పురందరే పేర్లతోనే ఉన్నాయి. యోని గుండా పెట్టే మెష్ (ఆసరాగా లోపల అమర్చే వల లాంటి ముక్క) అంటే మాత్రం ఆగి ఆలోచించండి, జారుడుకి వాడే అలాంటి మెష్‌ల అమ్మకం 2019లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అక్కడ ఆపించింది. ఎలా చేసినా మళ్లీ జారే అవకాశం కొంత ఉంటుంది, అది కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఉబ్బు బయటికి వచ్చినప్పుడు చేతులు కడుక్కుని, పడుకుని మెల్లగా లోపలికి నెట్టొచ్చు, పోకపోతే బలవంతం చేయొద్దు. ఆకు పసర్లు, నాటు మందుల ఉండలు లోపల పెట్టొద్దు. మూత్రం ఆగిపోయినా, నొప్పితో జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పుండు పడినా, నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా జారుడు వల్లేలే అనుకోకుండా వెంటనే చూపించుకోండి.

ఆపరేషన్ అయ్యాక కనీసం ఆరు వారాలు బరువులు వద్దు, దాంపత్యం వద్దు. ఈ రెండోది మీరు ఇంట్లో చెప్పలేకపోతే, డిశ్చార్జ్ రోజు మీ ఆయన్ని లోపలికి పిలిచి డాక్టర్ చేతే చెప్పించండి.