16 ఎంబీ బఫర్ కోసం నా తిప్పలు

లైనక్స్ బోర్డులో నడిచే మా డేటా కార్డుకు 16 ఎంబీ మెమరీ (బఫర్) అసలు ర్యామ్‌లోనే ఒకే వరసలో కావాలి. చెల్లాచెదురు పేజీలు (మెమరీ ముక్కలు) దానికి పనికిరావు, పైగా అలాంటి ముక్కల్ని కార్డుకు ఒకే వరసగా చూపించే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ బోర్డులో లేదు. మాలాక్‌తో (ప్రోగ్రామ్‌లు మామూలుగా మెమరీ అడిగే ఫంక్షన్) తీసుకున్న బఫర్ ప్రోగ్రామ్‌కు వరసగానే కనిపించింది, కానీ ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పేజ్‌మ్యాప్ చూస్తే 4 కేబీ ముక్కలు తలో దిక్కున ఉన్నాయి. హ్యూజ్ పేజీ (మామూలు కంటే పెద్ద పేజీ) వాడితే 2 ఎంబీ దాకా వరస దొరికింది, అక్కడితో సరి. కెర్నల్‌ను (లైనక్స్ మూల భాగం) నేరుగా అడిగితే మా సెట్టింగుల్లో 4 ఎంబీకి మించి ఇవ్వదు. అదీ బూట్ అయిన కొత్తలోనే. కొన్ని గంటలు నడిచాక ఖాళీ మెమరీ బోలెడున్నా అంత వరస దొరక్క ఫెయిల్! రెండు రోజులు టెన్షన్.

చివరికి బూట్ లైన్‌లో 'సీఎంఏ=64ఎం' అని పెట్టాను, అంటే ఒకే వరసలో 64 ఎంబీ చోటును బూట్ అప్పుడే రిజర్వ్ చేయమని. డ్రైవర్‌లో డీఎంఏ అలాక్ కోహెరెంట్‌తో (కార్డు నేరుగా వాడుకునే మెమరీ ఇచ్చే కెర్నల్ ఫంక్షన్) బఫర్ తీసుకుని, ఎంమ్యాప్ (మెమరీని ప్రోగ్రామ్ అడ్రసుల్లోకి కలిపే పద్ధతి) ద్వారా యూజర్ ప్రోగ్రామ్‌కు ఇచ్చాను. రిజర్వ్ చేసిన ఆ చోటును మిగతా సమయంలో కదిలించగల పేజీలకు కెర్నల్ వాడుకుంటుంది కాబట్టి మెమరీ వృథా కాలేదు.