మన చుట్టూ కప్పలు, 3వ పాఠం: వేళ్ళ చివర బిళ్ళలుంటే సరిపోదు

పోయిన పాఠంలో తప్పు నాదే. "వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలుంటే చెట్టు కప్ప" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దాంతో మీరు పంపిన ఫొటోల్లో సగానికి పైగా చెట్టు కప్పలైపోయాయి. పూలకుండీ కింద దొరికిన బొద్దు కప్ప, ముదురు వీపు మీద ఇటుక రంగు మచ్చలున్నది, అది కూడా! దాని ముందు కాళ్ళ వేళ్ళు చివర్లో వెడల్పుగా ఉండే మాట నిజమే, చెట్లూ గోడలూ ఎక్కే మాటా నిజమే. కానీ అది పెయింటెడ్ ఫ్రాగ్. మూతి చిన్నది, ఒళ్ళు ఉబ్బిన బుడగలా ఉంటుంది, చీమలూ చెదపురుగులూ తిని బతుకుతుంది.

అందుకని సవరణ. బాత్రూమ్ గోడకి అతుక్కుని, పొడుగు కాళ్ళు మడుచుకుని, పెద్ద కళ్ళతో చూసేది చెట్టు కప్ప. అనుమానం ఉంటే తొడ వెనక భాగం చూడండి, ముదురు రంగు వల మధ్యలో పసుపు చుక్కలు కనిపిస్తాయి. అది కాలు చాపేదాకా ఆగాలి, అంతేగానీ మీరు పట్టి లాగకూడదు.

కప్పకి పళ్ళుంటాయా, కరుస్తుందా లాంటివి వదిలేస్తున్నాను. నాకు ఒళ్ళు మండేది రంగు దగ్గర. ప్రతి వానాకాలం ఒక వీడియో తిరుగుతుంది, నిమ్మపండు రంగు కప్పలు గుంపుగా నీళ్ళలో, "విషకప్పలు, దూరంగా ఉండండి" అని. అవి మన పొలాల్లో ఉండే బావురు కప్పల్లో మగవి, జత కట్టే రోజుల్లో అలా పసుపెక్కుతాయి, గొంతు కింద సంచులు నీలంగా ఉబ్బుతాయి, ఆ హడావుడి అయిపోగానే మళ్ళీ మట్టి రంగే. మెరిసే రంగుంటే విషం అన్న లెక్క మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని డార్ట్ కప్పలది. ఇక్కడ అది పనికిరాదు. చెట్టు కప్పనే తీసుకోండి, పగలు తెల్లటి గోడ మీద లేత గోధుమ రంగులో ఉన్నది చీకటి మూలలో ముదురు రంగుకి తిరుగుతుంది, ఒకాయన ఆ ఒక్కదాన్నే రెండు రకాలుగా రాసి పంపారు. రంగు ఆఖర్న చూడండి, అసలు చూడకపోయినా నష్టం లేదు.

మన దగ్గర చూసుకోవాల్సింది ఒంటినిండా బొడిపెలుండే గరుకు కప్పని, అంటే టోడ్‌ని. దాని కళ్ళ వెనక రెండు పక్కలా చిక్కుడు గింజ ఆకారంలో ఉబ్బులుంటాయి. విషం ఎక్కువగా అందులోనే. అది మీ మీదకి చిమ్మదు, నొక్కితేనో కొరికితేనో తెల్లగా ఊరుతుంది. చేతికి అంటితే కడుక్కుంటే పోతుంది, అదే చేత్తో కన్ను నలుపుకుంటే మాత్రం మంట. కుక్క నోట కరుచుకుంటే ఇక ఆలోచించద్దు, నురగ కారుస్తుంటే తల కిందికి వంచి నీళ్ళు లోపలికి పోకుండా నోరు కడిగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, ఆ విషం గుండె మీద పని చేస్తుంది. పులిపిర్లు మాత్రం కప్ప వల్ల రావు, అవి మనుషుల వైరస్‌వి.

వానలకి చెరువు గట్టు మీద వందల్లో పాకే సెంటీమీటరు నల్ల పిల్లలున్నాయి చూశారా, వాటికి ఆ ఉబ్బులూ బొడిపెలూ ఇంకా సరిగా తేలవు. "నున్నగా ఉంది, టోడ్ కాదు" అనేది అక్కడే దెబ్బ తింటుంది. పొట్టి కాళ్ళు, చిన్న చిన్న గెంతులు, పెద్ద గుంపు: ఈ మూడూ ఉంటే టోడ్ పిల్లలే అనుకోండి.

మిగతావి పట్టుకుంటే మీకు పెద్దగా ఏమీ కాదు, చేతులు సబ్బుతో కడుక్కోండి చాలు. నష్టం దానికే. కప్ప చర్మంలోంచి ఏదైనా లోపలికి ఇంకుతుంది, శానిటైజరూ దోమల క్రీమూ అంటిన చెయ్యి దానికి ప్రమాదం. ఉప్పు చల్లేవాళ్ళకి ఇంకేం చెప్పను? ఇంట్లోకి వచ్చిన కప్పని బయటికి పంపాలంటే నేనైతే దాని మీద ప్లాస్టిక్ మగ్గు బోర్లించి కింద పాత శుభలేఖ జరుపుతాను, శుభలేఖ అట్టని మించింది లేదు. ఎత్తగానే పోసేది ఒంట్లోని నీళ్ళే, కంగారుపడి మగ్గు వదిలెయ్యకండి.

అభ్యాసం. మూడు రాత్రులు, వాన పడ్డాక, ఒక్క కప్పనీ ముట్టుకోకుండా పది కప్పలకి తలా మూడు ఫొటోలు: పైనుంచి, పక్కనుంచి, కాలి వేళ్ళు. ఎక్కడ కూర్చుందో కూడా రాయాలి. బూట్లు వేసుకుని, టార్చి కింద పాము లేదని చూసుకునే అడుగెయ్యండి, కప్పల కోసం మీరొక్కరే రారు. రంగు ఎవరైనా రాశారో, మళ్ళీ చేయిస్తాను.