టెక్స్చర్ కోడ్‌లో చెయ్యి పెట్టే ముందు

జీటీకే వంటి టూల్‌కిట్‌లో (అప్లికేషన్ల కిటికీలు, బటన్లు తయారుచేసే కోడ్ సరంజామాలో) తెరమీద బొమ్మలు గీసే కోడ్‌ను, అందులోనూ టెక్స్చర్లను (గీయడానికి గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు అందించే పిక్సెళ్ల బొమ్మలను) నడిపే కోడ్‌ను వేగవంతం చేయాలని పూనుకునేవారు సాధారణంగా మార్చి నెల విడుదల అయిపోయాక పని మొదలుపెట్టి, సెప్టెంబరు విడుదల నాటికి దానిని కుదుటపరచాలనుకుంటారు. ఆ లెక్కన పెద్ద మార్పులన్నీ ఏప్రిల్, మే నెలల్లో పడతాయి. నల్లగొండలో కూర్చుని పనిచేసేవారికి అవి ఎండ 44 డిగ్రీలు తాకే రోజులు కూడా కనుక, మొదటి జాగ్రత్త కోడ్ గురించి కాకుండా కొలత గురించి చెప్పవలసి వస్తోంది.

ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్, దానితో ఒకే చిప్‌లో ఉండే గ్రాఫిక్స్ భాగం వేడెక్కినప్పుడు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఒక వేసవిలో నేను పాత కోడ్‌ను ఉదయం ఆరింటికి, మార్చిన కోడ్‌ను మధ్యాహ్నం రెండింటికి కొలిచి, మార్పు వల్ల వేగం తగ్గిందని నిర్ధారించుకుని దానిని పక్కన పడేశాను. వారం తర్వాత రెండింటినీ ఒకే పూట ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి నడిపితే గాని నా పొరపాటు బయటపడలేదు. కాబట్టి పాతదీ కొత్తదీ ఎప్పుడూ జంటగానే కొలవాలి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారిన వెంటనే వచ్చిన అంకెలను లెక్కలోకి తీసుకోకూడదు. షేడర్లు (గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యే మొదటి కొన్ని ఫ్రేములనూ వదిలేయాలి. గ్రాఫిక్స్ ప్రాసెసర్ పనిని వరుసలో పెట్టుకుని తర్వాత తీరికగా చేస్తుంది కనుక, బొమ్మను దానికి పంపే (అప్‌లోడ్ చేసే) ఫంక్షన్‌కు ముందూ వెనుకా గడియారం చూసినంత మాత్రాన అసలు ఖర్చు తెలియదు. ఏ రెండరర్ (కిటికీని గీసే భాగం) మీద కొలిచారో కూడా రాసి ఉంచుకోవాలి. 2024 మార్చిలో వచ్చిన జీటీకే 4.14లో కొత్త జీఎల్ (ఓపెన్‌జీఎల్‌తో గీసే) రెండరర్, అదే ఏడాది సెప్టెంబరు నాటి 4.16లో లినక్స్ డిస్‌ప్లే పద్ధతి అయిన వేలాండ్ మీద వల్కన్ రెండరర్ (ఓపెన్‌జీఎల్, వల్కన్ రెండూ గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు ఆదేశాలిచ్చే ప్రమాణాలు) డిఫాల్ట్‌గా మారాయి కాబట్టి, ఉత్తినే ‘జీటీకేలో కొలిచాను’ అంటే ఏమీ చెప్పనట్టే.

వేగం సంగతికి పోయే ముందు, సరైన బొమ్మ ఏదో ఖాయం చేసుకోవాలి. జీఎస్‌కే (జీటీకేలో గీసే భాగం) రెండరర్‌ను ఎంచుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు కైరో (గ్రాఫిక్స్ ప్రాసెసర్ లేకుండా గీసే లైబ్రరీ) అని ఇచ్చి, అదే కిటికీని సాఫ్ట్‌వేర్‌తో గీయించి, ఆ చిత్రాన్ని భద్రపరచుకుంటే మీ మార్పు తర్వాత వచ్చినదానితో పోల్చుకోవచ్చు.

ఆ తర్వాత చూడవలసింది ఒక్కటే: ఒక్కో ఫ్రేముకు ఎన్ని బైట్లు అటు నుంచి ఇటు కాపీ అవుతున్నాయి? పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1920×1080 బొమ్మ దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 సార్లు పంపితే అది 50 కోట్ల బైట్లకు చేరుతుంది. జీటీకేలో టెక్స్చర్ ఒకసారి తయారయ్యాక మారదు. ఆ హామీ ఉంది కనుకనే రెండరర్ ఒకసారి అప్‌లోడ్ చేసినదానిని దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోగలుగుతుంది. మారని బొమ్మకే ప్రతి ఫ్రేముకూ కొత్త టెక్స్చర్ ఆబ్జెక్టును సృష్టిస్తే ఆ దాచుకోవడం వ్యర్థమైపోతుంది. నేను చూసిన నెమ్మది అప్లికేషన్లలో ఎక్కువ వాటి జబ్బు ఇదే. రెండరర్‌లో ఎంత తెలివి చూపినా అది నయం కాదు. దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదకరం: టెక్స్చర్‌కు ఇచ్చిన మెమరీలోకి తర్వాత రాయడం. అది ఒక మెషీన్‌లో పనిచేసినట్టే కనిపించి, మరొకదానిలో పాత బొమ్మనే చూపిస్తుంది.

పిక్సెళ్ల ఫార్మాట్ల దగ్గర తొందర పనికిరాదు. సగం పారదర్శకమైన ఎరుపును జీడీకే-పిక్స్‌బఫ్ (బొమ్మల ఫైళ్లను చదివే లైబ్రరీ) 255, 0, 0, 128గా ఉంచుతుంది. రంగులను ఆల్ఫాతో (పారదర్శకతను చెప్పే చివరి అంకెతో) ముందే గుణించే కైరో 128, 0, 0, 128గా ఉంచుతుంది. మార్పిడి ఒక దశ తగ్గిద్దామని గుణకారాన్ని ఒకచోట తీసేసి, మరొకచోట ఉన్నది మరచిపోతే, లేక రెండుచోట్లా చేస్తే, గద్వాల చీర ఫోటోను నేపథ్యం నుంచి కత్తిరించి పెట్టినప్పుడు జరీ అంచు చుట్టూ తెల్లటి లేదా నల్లటి గీత కనబడుతుంది. వరుస పొడవు విషయమూ అంతే. పిక్సెల్‌కు 3 బైట్లుండే 101 పిక్సెళ్ల వరుస 303 బైట్లు. ఓపెన్‌జీఎల్, వేరేగా చెప్పకపోతే, ప్రతి వరుసా 4తో భాగించబడే చోట మొదలవుతుందని అనుకుంటుంది కనుక 304 దగ్గర తర్వాతి వరుస కోసం వెతుకుతుంది. వరుసకు ఒక్కో బైటు జరిగి బొమ్మ ఏటవాలుగా ఒరిగి, రంగులు తారుమారవుతాయి. పరీక్షలకు అందరం 256, 512 వెడల్పు బొమ్మలే వాడతాం కాబట్టి ఇది చాలాకాలం దాగి ఉంటుంది. ఒక 101 వెడల్పు బొమ్మను పరీక్షల్లో తప్పక ఉంచండి.

చిన్నగా చూపేటప్పటి జాగ్రత్తకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఫోటోను మించిన పరీక్ష నాకు దొరకలేదు. 4000×3000 పిక్సెళ్ల ఆ ఆకుల గుబురును 200×150లో చూపాలంటే 400 పిక్సెళ్ల సగటు ఒక్క పిక్సెల్ కావాలి; మామూలు లీనియర్ ఫిల్టర్ అందులో 4 మాత్రమే చదువుతుంది. ఫలితంగా జాబితాను పైకీ కిందికీ జరిపినప్పుడు ఆకులు మిణుకుమిణుకుమంటాయి. మిప్‌మ్యాప్‌లు (ముందే సగం సగం చొప్పున కుదించి ఉంచిన ప్రతులు) పెడితే ఆ మిణుకు పోతుంది గాని, 4.8 కోట్ల బైట్లకు మరో 1.6 కోట్లు కలుస్తాయి. కాబట్టి అన్నిటికీ కాకుండా, బాగా కుదించే బొమ్మలకే ఆ మిప్‌మ్యాప్‌లను వాడే ట్రైలీనియర్ ఫిల్టర్ అడగడం మేలు.

అక్షరాల ఆకారాలను ఒక్కో పెట్టెలో దాచే పెద్ద టెక్స్చర్ అయిన అట్లాస్‌లో మార్పు చేసేవారు ఇంగ్లిష్ వాక్యంతో పరీక్షించి ఊరుకుంటారు. ‘రాష్ట్రం’ అని రాసి చూడాలి. వరుస ఎత్తును బట్టి పెట్టె కొలత తీసుకుంటే ఒత్తుల అడుగు తెగిపోతుంది. సిరా నిజంగా పరచుకున్న హద్దును బట్టి కొలవాలి. పక్క పెట్టెతో కనీసం ఒక పిక్సెల్ ఖాళీ వదలకపోతే పక్క అక్షరపు గీత ఇందులోకి కారుతుంది. తెలుగు వార్త ఒక పేజీలో గుణింతాలు, ఒత్తులు కలిసి ఇంగ్లిష్ పేజీ కంటే ఎన్నో ఎక్కువ ఆకారాలుంటాయి. ఒక్కో ఆకారానికి పిక్సెల్‌లో పావు వంతు తేడాతో నాలుగు ప్రతులు దాచే పద్ధతి పెడితే అవి నాలుగింతలై అట్లాస్ నిండుతుంది. నిండినదానిని ఫ్రేము మధ్యలో ఖాళీ చేస్తే అదే అక్షరం పదేపదే అప్‌లోడ్ అవుతుంది.

టెక్స్చర్‌ను తొలగించేటప్పుడు దానికి సంబంధించిన జీఎల్ కాంటెక్స్ట్ (ఓపెన్‌జీఎల్ తన టెక్స్చర్లను, స్థితిని ఉంచుకునే చోటు) ఆ క్షణాన ఎంపికై ఉందో లేదో చూసుకోవాలి. తమలో తాము వనరులు పంచుకోని కాంటెక్స్ట్‌లలో ఒకదానిలోని 7వ నంబరు, మరొకదానిలోని 7వ నంబరు వేర్వేరు టెక్స్చర్లు; తప్పుదానిలో నిలబడి తుడిస్తే ఇంకో కిటికీలోని బొమ్మ మాయమవుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. చివరగా, పాత దారిని ఒక వేరియబుల్‌తో తిరిగి ఎంచుకునేలా కనీసం ఒక విడుదల వరకు కోడ్‌లో ఉంచండి; ‘బొమ్మలు ఒరిగాయి’ అని ఎవరైనా రాసినప్పుడు, ముందు ఆ వేరియబుల్ పెట్టి చూడమని అడగవచ్చు.