డాబా మీద సోలార్: ఎండ ఉన్నా కరెంటు రాకపోతే

సమస్య: మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ఎండ మండుతోంది, ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగదు.

హన్మకొండలో, కాజీపేటలో కొత్తగా సోలార్ పెట్టించుకున్నవాళ్లను ముందుగా కంగారు పెట్టేది ఇదే. నిజానికి ఏదీ చెడిపోలేదు.

కారణం: బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టం, అంటే కరెంటు లైనుకు కలిపిన సోలార్, లైనులో కరెంటు ఉంటేనే నడుస్తుంది. లైను పోగానే ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) దానంతటదే ఆగాలి. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు స్తంభం దాకా పోతుంది, సప్లై బంద్ ఉందనుకుని పైకెక్కిన లైన్‌మన్ ప్రాణాల మీదికొస్తుంది. ఆ రక్షణ తీసేస్తామని ఎవరన్నా సరే ఒప్పుకోవద్దు.

పగలు మీరు వాడగా మిగిలి లైనులోకి పోయిన యూనిట్లు ఏమయ్యాయంటారా? మీటర్లో లెక్క ఉంటుంది, కరెంటు ఉండదు. అది అప్పుడే చుట్టుపక్కల ఇళ్లలో ఖర్చయిపోయింది. రాత్రి మీకొచ్చేది రామగుండంలోనో చెల్పూరులోనో బొగ్గు కాల్చి తీసింది కావచ్చు. పెద్ద ఎత్తున నిల్వ చేయాలంటే శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం లాంటి ఏర్పాటు కావాలి. అక్కడ 150 మెగావాట్ల టర్బైన్లు ఆరున్నాయి. కరెంటు మిగిలినప్పుడు అవే వెనక్కి తిరిగి కింది నీళ్లను జలాశయంలోకి ఎత్తిపోయగలవు, అవసరమైనప్పుడు ఆ నీళ్లతోనే మళ్లీ కరెంటు తీయొచ్చు. ఇలాంటి పద్ధతిలో పెట్టిన కరెంటులో సుమారు ముప్పావు వంతు తిరిగొస్తుంది.

పరిష్కారం: హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైను పోయినా బ్యాటరీతో ఇంటికి కరెంటు ఇచ్చేది), దానికో బ్యాటరీ. ఇల్లంతా నడపాలనుకోకండి. రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌కు వేరే వైరింగ్ చేయించండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 12×150, అంటే 1,800 వాట్‌అవర్లు. రోజూ పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కోతలు ఎప్పుడో ఒకసారైతే ఇళ్లలో వాడే మామూలు బ్యాటరీ ఇన్వర్టరే చాలు, హైబ్రిడ్‌కు అంత ఖర్చు దండగ.

సమస్య: కరెంటు ఉన్నా మధ్యాహ్నం ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగుతోంది.

కారణం: వోల్టేజ్ 230కి పది శాతం మించి, అంటే 253 దాటితే అది ఆగిపోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దూరమై, వైరు సన్నదై, చుట్టుపక్కల వాడకం తక్కువున్న వేళ మీరు పంపే కరెంటే వోల్టేజ్‌ను పెంచుతుంది.

పరిష్కారం: ఆగినప్పుడల్లా తెరమీది వోల్టేజ్, టైము రాసిపెట్టుకోండి. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వైరు మందం, లూజు కనెక్షన్లు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అప్పటికీ తగ్గకపోతే ఆ రీడింగులతో విద్యుత్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్‌ను కొంచెం పెంచే, తగ్గించే అమరిక) మార్చమని అడగండి. ఈలోగా బోరు మోటారు, వాషింగ్ మెషీన్ ఆ వేళకే వేసుకోండి.

సమస్య: మే నెలలో యూనిట్లు తగ్గాయి.

ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పడిపోతుంది. మన ఎండలకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 16 శాతం దాకా పోయినట్టే, దానికి మందు లేదు. దుమ్ముకు, రైస్‌మిల్లు బూడిదకు మాత్రం ఉంది: పొద్దు పొడవకముందే కడగండి. ఎండకు వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు ఉప్పువైతే వెంటనే మెత్తటి బట్టతో తుడవండి, లేకుంటే తెల్ల మరకలు కడతాయి.