మచ్చ ఆకారం చూస్తే దోషి దొరుకుతుంది

ఐసీయూలో బెడ్‌సోర్ అనగానే పేషెంటును పక్కకు తిప్పి నడుము కింద చూస్తాం. గాలి పరుపు, రెండు గంటలకోసారి తిప్పడం, అన్నీ వీపు, పిరుదుల కోసమే. ముక్కు మీద, పెదవి మూలన, చెవి వెనక వచ్చే పుండ్లకు పరుపుతో సంబంధం లేదు. అవి మనం చేత్తో బిగించిన వాటివల్ల వస్తాయి. 2016లో అమెరికాలోని నేషనల్ ప్రెషర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ ఇలాంటి వాటిని విడిగా చేర్చి నిర్వచించింది కూడా. వీటిలో ఒక సౌకర్యం ఉంది: ఒత్తిన వస్తువు ఆకారమే చర్మం మీద దిగుతుంది. గీత పడితే ట్యూబు, నలుచదరంగా ఉంటే ఆక్సిజన్ చూడ్డానికి వేలికి పెట్టే ప్రోబు.

ముందుగా ఒక చిక్కు చెప్పాలి. పుస్తకాల్లో ‘ఎర్రబడితే’ అని రాసి ఉంటుంది. మన పేషెంట్లలో చాలామందిది చామనఛాయ, నలుపు. ఆ ఒంటి మీద ఎరుపు కంటికి ఆనదు. పక్క చర్మం కన్నా ముదురుగానో ఊదాగానో ఉందా, తాకితే వేడి తేడా తెలుస్తోందా, గట్టిపడిందా, లేక మెత్తబడిందా చూడండి. సీలింగ్ లైటు చాలదు, టార్చి పట్టాలి.

సమస్య: ముక్కు దూలం కమిలింది (బైపాప్ మాస్కు)

ఒక నైట్ డ్యూటీలో బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీను) మీద ఒక పెద్దావిడ ఉన్నారు. లీక్ అలారం మోగినప్పుడల్లా ఎవరో ఒకరం వెళ్లి పట్టీ ఇంకాస్త లాగాం. తెల్లవారుజామున నోరు తుడుద్దామని మాస్కు తీస్తే ముక్కు దూలం మీద వక్కంత ఊదా మచ్చ, ఎడమ పక్కన చర్మంలోకి దిగబడిపోయిన ముక్కుపుడక. మాస్కు సైజు చిన్నది. దాని అంచు పుడక మీదికెక్కి ఒక పక్క లేచి ఉంది, గాలి అక్కణ్ణుంచే పోతోంది. రాత్రంతా మేం బిగించింది లీకును కాదు, ఆవిడ ముక్కును.

కారణం: తప్పు సైజు, దాన్ని సరిదిద్దకుండా పట్టీ బిగించడం.

పరిష్కారం: కొలత కార్డుతో సైజు చూసి మాస్కు ఎంచుకోండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కొద్దిపాటి లీకును మెషీను సర్దుకుంటుంది. కళ్లలోకి గాలి కొడితేనో, టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి) పడిపోతేనో మాస్కు సర్దండి, అంతే. పల్చని ఫోమ్ డ్రెస్సింగ్ మొదటి గంటలోనే వేయాలి, కమిలాక కాదు. గాజు గుడ్డ మడతలు పెట్టి మందం చేస్తే ఒత్తిడీ పెరుగుతుంది, లీకూ పెరుగుతుంది. డాక్టరు ఒప్పుకుంటే మధ్యమధ్య విరామం ఇవ్వండి, లేదా ముఖమంతా కప్పే మాస్కుతో మార్చి మార్చి వాడండి, ఒత్తే చోటు మారుతుంది.

పుడక తీయడానికి ఇంటివాళ్లను అడగండి. తటపటాయిస్తారు, ఎందుకో చెబితే ఒప్పుకుంటారు. తీసింది రాసి, సంతకం పెట్టించుకుని వాళ్ల చేతికివ్వండి. ఒళ్లు ఉబ్బుతున్న పేషెంటుకు మట్టెలు, మొలతాడు సంగతీ ఇంతే.

సమస్య: పెదవి మూల తెగింది, నాలుక మీద పుండు (వెంటిలేటర్ ట్యూబు)

కారణం: ట్యూబు వేసిన రోజునుంచీ ఒకే వైపు ఉండిపోవడం. రెండోది వాపు. షాక్‌లో (బీపీ బాగా పడిపోయి) వచ్చిన పేషెంటుకు సెలైన్లు ఎక్కుతాయి, మర్నాటికి ముఖం ఉబ్బుతుంది. నిన్న సరిగ్గా కట్టిన టేపు ఈరోజు చెంపలోకి కోసుకుపోతుంది. కట్టినవాళ్ల తప్పేం లేదు, మళ్లీ చూడకపోవడమే తప్పు.

పరిష్కారం: కనీసం రోజుకోసారి, వాపు ఉంటే ఇంకా తరచుగా ట్యూబును రెండో మూలకు మార్చండి. ఒక్కరే చేయొద్దు. ఒకరు ట్యూబు పట్టుకోవాలి, ఇంకొకరు కట్టాలి. మార్చక ముందు పళ్ల దగ్గర ట్యూబు మీది 22 సెంటీమీటర్ల గుర్తు ఉంటే తర్వాతా 22 ఉండాలి. రెండు వైపులా గాలి చప్పుడు వినండి. కఫ్ (శ్వాసనాళంలో ట్యూబు చుట్టూ ఉబ్బే బుడగ) ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. దానికి బయట ఉండే బెలూన్ను వేళ్లతో నొక్కి ‘సరిపోయింది’ అనేస్తే కుదరదు, ఒత్తిడి కొలిచే మానోమీటరు పెట్టాలి. నోటి లోపలి పుండుకు, చర్మం మీది పుండుకు లోతును బట్టి ఇచ్చే స్టేజి నంబరు వేయకూడదు. ఆ పొర చర్మం లాంటిది కాదు. ఎక్కడ, ఎంత అని రాస్తే చాలు.

సమస్య: ముక్కుపుట అంచు నల్లబడింది (రైల్స్ ట్యూబు, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం)

కారణం: ట్యూబును పైకి లాగి నుదుటికి అంటించడం. చూడ్డానికి నీటుగా ఉంటుంది, పుట అంచుకు మాత్రం ఉరితాడే.

పరిష్కారం: ట్యూబు ముక్కు రంధ్రం మధ్యలో, అంచుకు తగలకుండా కిందికి వేలాడాలి. ప్లాస్టర్ రోజూ మార్చండి, మార్చినప్పుడు చోటు కొద్దిగా జరపండి.

సమస్య: వేలి కొస కమిలింది (సాచ్యురేషన్ ప్రోబు)

బీపీ పెంచే మందు నార్ఎడ్రినలిన్ నడుస్తుంటే వేళ్లకు రక్తం అసలే తక్కువ. రీడింగ్ రావడం లేదని ప్రోబు చుట్టూ ప్లాస్టర్ బిగిస్తే ఉన్నది కూడా ఆగుతుంది. నాలుగు గంటలకోసారి, వేళ్లు చల్లగా ఉంటే రెండు గంటలకే వేలు మార్చండి. ఏ వేళ్లకూ రాకపోతే చెవి తమ్మెకు పెట్టే ప్రోబు అడగండి.

మిగతావి

ఆక్సిజన్ గొట్టం చెవి పైన ఒరుసుకుంటే అక్కడ ఫోమ్ తొడగండి. యూరిన్ క్యాథెటర్ తొడ కింద నలగకుండా పైనుంచి తెచ్చి తొడకు అంటించండి. తిప్పిన ప్రతిసారీ పక్క మీద చెయ్యి పోనివ్వండి. సూది మూత, సెలైన్ గొట్టాలు కలిపే త్రీవే, ఈసీజీ వైరు, ఏదో ఒకటి దొరుకుతుంది. మెడ కాలర్ ఉంటే తలవెనక, గదమ కింద చూడండి. చూసేటప్పుడు మెడ కదలకుండా ఇంకొకరు పట్టుకోవాలి. దాన్ని ఎప్పుడు తీయొచ్చో రౌండ్స్‌లో రోజూ అడగండి.

కమిలిన చోట రుద్దొద్దు, పౌడరు వేయొద్దు. ఒత్తే వస్తువును జరపండి, జరపలేకపోతే డాక్టరుకు చెప్పండి. డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో ఇద్దరు సిస్టర్లూ మంచం దగ్గర నిలబడి ఒక్కో పట్టీ ఎత్తి చూడండి. ట్యూబు ఏ మూలన ఉంది, ప్రోబు ఏ వేలికి ఉంది అన్నది చార్టులో రాయండి. రాయకపోతే వచ్చిన సిస్టర్ మళ్లీ అదే వేలికి పెడుతుంది.