సుఖవ్యాధుల పరీక్ష: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

ఒంట్లో ఏ బాధా లేదు కాబట్టి పరీక్ష అక్కర్లేదని చాలామంది ఆగిపోతారు. సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు; మందు వాడకపోయినా కొన్ని వారాల్లో అది మానిపోతుంది, వ్యాధి మాత్రం శరీరంలోనే ఉండిపోతుంది. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. అందువల్ల కండోమ్ లేకుండా కొత్త వ్యక్తితో కలిసినా, భాగస్వామికి వ్యాధి ఉన్నట్టు తేలినా పరీక్ష చేయించుకోవాలి.

హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే పరీక్ష తేదీ గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికో, హెచ్‌ఐవీకి మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రానికో వెళ్లాలి. నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. వాటిని 28 రోజులు వాడాలి.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంటుంది. సురక్ష క్లినిక్‌లలో ఈ వ్యాధులకు సలహా, చికిత్స ఉచితంగా అందుతాయి. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ సలహా, పరీక్ష కేంద్రంలో చేస్తారు. దగ్గరలోని కేంద్రం తెలియకపోతే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఐసీటీసీలో ముందు కౌన్సెలర్ విడిగా మాట్లాడి, మీ అంగీకారం తీసుకున్నాకే రక్తం తీస్తారు. అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. అక్కడ సిగ్గుపడి సగమే చెబితే నష్టం మీకే: ఎప్పుడు కలిశారో, నోటి ద్వారానో మలద్వారం ద్వారానో కూడా కలిశారో చెబితేనే ఏ నమూనా తీయాలో వారికి తెలుస్తుంది.

హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి రక్తంలో తెలుస్తాయి. గనేరియా, క్లమీడియాలకు మూత్రం గానీ, స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) గానీ కావాలి; ఈ పరీక్షలు అన్నిచోట్లా ఉండవు కాబట్టి ముందే అడగండి. మూత్రం ఇవ్వడానికి గంట ముందు నుంచీ మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చే కొద్ది భాగాన్నే సీసాలో పట్టాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ వేసుకుని పరీక్షకు వెళితే ఫలితం తప్పుదారి పట్టవచ్చు.

మరీ తొందరగా చేయించుకున్న పరీక్షలో "నెగటివ్" వస్తే దానిమీద భరోసా పెట్టుకోకూడదు. వేలిని పొడిచి చేసే హెచ్‌ఐవీ ర్యాపిడ్ పరీక్షలో వ్యాధి బయటపడటానికి, సోకినప్పటి నుంచి మూడు నెలల వరకూ పట్టవచ్చు, కనుక అప్పుడు మళ్లీ చేయించాలి. అలాగే సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్షలో "రియాక్టివ్" (వ్యాధి ఉండవచ్చు) అనగానే కుంగిపోవద్దు; గర్భం వల్లా, వేరే జబ్బుల వల్లా కూడా అలా రావచ్చు, టీపీహెచ్‌ఏ వంటి మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి.

వ్యాధి తేలితే సిఫిలిస్, గనేరియా, క్లమీడియా మందులతో పూర్తిగా నయమవుతాయి. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ కేంద్రాల్లో జీవితాంతం ఉచితంగా మందులు ఇస్తారు. భాగస్వామికీ పరీక్ష, చికిత్స జరగకపోతే గనేరియా, క్లమీడియా మళ్లీ తిరిగి మీకే సోకుతాయి. చికిత్స పూర్తయి వైద్యులు చెప్పేవరకూ ఇద్దరూ కలవకూడదు, మూడు నెలల తర్వాత మళ్లీ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.