దేశాలు దాటి ఆడవాళ్లు కలిసి పోరాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వేరే దేశాల ఆడవాళ్లతో కలిసి పనిచేయాలంటే పేరున్న సంస్థ ఉండాలి, ఇంగ్లిష్ రావాలి, విమానం టికెట్లకు డబ్బుండాలి అనుకుంటారు చాలామంది. ఇవి లేకుండానే మొదలుపెట్టొచ్చు. ముందు కావాల్సింది ఒక డిమాండ్, అది కూడా ఆ కష్టం రోజూ పడుతున్నవాళ్ల నోటి నుంచి వచ్చినది.

డిమాండ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, చాలా గ్రూపులు తడబడేది ఇక్కడే. "పేదరికం పోవాలి, యుద్ధాలు ఆగాలి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చెయ్యరు కూడా. ఎవర్ని అడుగుతున్నాం, ఏమిమ్మంటున్నాం అన్నది వినగానే తెలిసిపోవాలి. 1972లో స్త్రీవాద రచయిత్రి సెల్మా జేమ్స్, మరికొందరు కలిసి మొదలుపెట్టిన ఉద్యమం ఇంటి చాకిరికి జీతం కావాలంది, ఆ జీతం మొగుడు కాదు ప్రభుత్వం ఇవ్వాలంది. అందులోంచే 2000లో గ్లోబల్ విమెన్స్ స్ట్రైక్ అనే అనేక దేశాల మహిళల సమ్మె ఉద్యమం వచ్చింది, చంపడానికి పెట్టే డబ్బు మనుషుల్ని సాకడానికి పెట్టండి అని సైన్యం బడ్జెట్ల మీదే వేలు పెట్టింది. పేదరికం, యుద్ధం, వివక్ష అని మూడు కమిటీలు వేసుకోనక్కర్లేకుండా ఒక్క డిమాండ్‌లోనే అన్నీ వచ్చేశాయి. ఇంటిపనికి జీతమేంటి అని నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనికి పట్టే గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లవే, ఆ అంకె ఒకటి దగ్గర పెట్టుకోండి.

తర్వాత అవతలి గ్రూపును వెతకడం. సోషల్ మీడియాలో మంచి పోస్టులు పెట్టేవాళ్లకు కాదు, మీ సమస్యతో నిజంగా ముడిపడి ఉన్నవాళ్లకు రాయండి. మీరు కుట్టే బట్టలు అమ్మే షాపులో పనిచేసేవాళ్లు, మీ ఊరి ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లే దేశంలోని పనివాళ్ల సంఘం, మీ దేశంలో తయారయ్యే ఆయుధాలు ఎక్కడ పేలుతున్నాయో అక్కడి తల్లులు. అలా ముడిపడి ఉన్నప్పుడు ఒకరి గెలుపు రెండోవాళ్లకూ పనికొస్తుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల హక్కుల మీద 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన 189వ ఒప్పందం వెనక ఇలా అనేక దేశాల సంఘాలు కలిసి చేసిన పని ఉంది.

మీటింగుల సంగతి. అనువాదం ఉంటే ప్రతి మాటకీ రెట్టింపు టైమ్ పడుతుంది కాబట్టి ఎజెండా సగానికి కోసెయ్యండి. ఎవరి దేశంలో అర్ధరాత్రి అవుతుందో చూసి వంతులు వేసుకోండి, ప్రతిసారీ పేద దేశంవాళ్లే నిద్ర మానుకోవడం ఎక్కడి న్యాయం? చదవడం రానివాళ్ల కోసం మీటింగులో ఏం తేలిందో ఆ మినిట్స్‌ని వాయిస్ మెసేజ్‌గా పంపండి. పిల్లలు మధ్యలో అరుస్తారు, అరవనివ్వండి.

సంఘం లోపల కూడా వివక్ష ఉంటుంది, దాన్ని దాచుకుంటే తర్వాత పగుళ్లు వస్తాయి. ఇంటి చాకిరి ఉద్యమంలో నల్లజాతి మహిళలు, లెస్బియన్ మహిళలు తమ గ్రూపులు తాము పెట్టుకుని, ముందు తమలో తాము మాట్లాడుకుని, ఆ తర్వాత అందరి ముందుకూ వచ్చారు. దీన్ని చీలిక అనుకుని కంగారుపడేవాళ్లుంటారు, నా దృష్టిలో మాత్రం ఇంతకంటే పనికొచ్చే పద్ధతి లేదు.

యుద్ధం నడుస్తున్న చోట ఇంకా జాగ్రత్త కావాలి. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో అంతర్యుద్ధం నడుస్తుండగా 2003లో క్రైస్తవ, ముస్లిం మహిళలు తెల్లబట్టలు కట్టుకుని కలిసి కూర్చున్నారు. ఏ పక్షం మంచిదన్న గొడవలోకి పోకుండా శాంతి కావాలన్న దానికే కట్టుబడ్డారు. ఘనాలోని అక్రాలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ మధ్య శాంతి చర్చలు ఎంతకీ తేలకపోతే, లేమా బోవీ నాయకత్వంలో హాలు బయట బైఠాయించి, ఒప్పందం కుదిరేదాకా ఎవర్నీ బయటికి వెళ్లనివ్వం అని కూర్చున్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. మీరు యుద్ధానికి దూరంగా ఉన్న దేశంలో ఉంటే మీ పని వేరు: మీ ప్రభుత్వం ఆయుధాలు అమ్ముతోందా, డబ్బిస్తోందా అని అక్కడే నిలదీయండి, అవతలివాళ్లకు ఎలా పోరాడాలో క్లాసులు పీకకండి.

కార్యక్రమానికి తేదీ అందరిదీ ఒకటే ఉండాలి, రూపం మాత్రం ఎవరి వీలు వాళ్లది. ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబర్ 24న దాదాపు 90 శాతం మహిళలు ఆఫీసు పనీ ఇంటిపనీ మానేశారు. సమ్మె అంటే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లు కూడా రావాలని దాన్ని సెలవురోజు అన్నారు. అంత బలం లేకపోతే జెరూసలేంలో 1988లో ఇజ్రాయెల్ ఆక్రమణకు నిరసనగా నల్లబట్టల మహిళలు (విమెన్ ఇన్ బ్లాక్) మొదలుపెట్టినట్టు వారానికోసారి ఒకే చోట మౌనంగా నిలబడొచ్చు, ఖర్చు లేని పని కాబట్టే అది ఎన్నో దేశాలకు పాకింది.

ఐక్యరాజ్యసమితి దారి కూడా వాడుకోండి, కానీ అదే పనిగా పెట్టుకోకండి. మహిళల పట్ల వివక్ష పోగొట్టడానికి 1979లో వచ్చిన సీడా అనే ఒప్పందం ప్రకారం, అందులో చేరిన దేశాలు కనీసం నాలుగేళ్లకోసారి రిపోర్టు ఇవ్వాలి. అప్పుడు మహిళా సంఘాలు ప్రభుత్వం చెప్పనివి చెబుతూ తమ రిపోర్టు విడిగా పంపొచ్చు. అవతలి దేశం గ్రూపు ఇంతకుముందు పంపి ఉంటే దాన్ని అడిగి తెప్పించుకుని చూసి రాయండి, చాలా టైమ్ మిగులుతుంది.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ఫండింగ్ తెచ్చిన గ్రూపే నిర్ణయాలన్నీ తీసుకోవడం మొదలైందంటే మిగతావాళ్లు మెల్లగా జారుకుంటారు. ఎవరికి ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్నది అన్ని గ్రూపులూ చూడగలగాలి, ఫోన్ డేటాకి, బస్సు ఛార్జీలకి మొదట తీసి పెట్టాలి. ఇక ఫొటోలు. మీ దగ్గర మామూలు ధర్నా ఫొటో ఇంకో దేశంలో ఒకామెను జైలుకు పంపొచ్చు, కాగితాలు లేని వలస కార్మికురాలైతే దేశం నుంచే గెంటేయొచ్చు. పోస్ట్ చేసేముందు అందులో కనిపిస్తున్న ప్రతి మనిషినీ అడగండి, జవాబు రాకపోతే పెట్టకండి.